బట్టలు ఓడలో పంపుతున్నారా? ముందు చెమ్మ సంగతి చూసుకోండి

ఓడలో వెళ్ళిన బట్టలు తడిసి, బూజు పట్టి చేరాయంటే సముద్రపు నీళ్ళు లోపలికి వచ్చేశాయని చాలామంది అనుకుంటారు. అలా జరగదని కాదు గానీ, ఎక్కువసార్లు ఆ నీళ్ళు మనం ఎక్కించి పంపినవే. బట్టలో, అట్టపెట్టెలో, కింద వేసిన చెక్క పాలెట్‌లో ఉన్న తేమ పగటి ఎండకి గాలిలోకి వస్తుంది, రాత్రి కంటైనర్ ఇనుప పైకప్పు చల్లబడగానే అక్కడ బొట్లుబొట్లుగా పట్టి పెట్టెల మీద కురుస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళు దీన్నే కంటైనర్ రెయిన్ అంటారు. వేడి ప్రాంతంలో ఎక్కిన సరుకు చలి దేశంలో దిగేటప్పుడు ఈ బెడద మరీ ఎక్కువ.

అన్ని బట్టలకీ ఒకే టెన్షన్ అక్కర్లేదు. నూలు మామూలు గాలిలోనే తన బరువులో 7, 8 శాతం తేమ పట్టుకుని ఉంటుంది, ఉన్ని ఇంకా ఎక్కువ, పాలిస్టర్‌లో అర శాతం కూడా ఉండదు. కాబట్టి పాలిస్టర్ జాకెట్ల కంటే తువ్వాళ్ళు, జీన్స్, ఉన్ని స్వెటర్ల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. ఆవిరి ఇస్త్రీ చేసిన బట్టని వేడిగా ఉండగానే పాలీబ్యాగ్‌లో పెట్టి సీలు వేసేయడం అందరూ చేసే పొరపాటు. ముందు పూర్తిగా చల్లారనివ్వండి, ఆరనివ్వండి, సంచికి చిన్న గాలి రంధ్రాలు ఉండేలా చూడండి. ప్యాక్ చేసిన కార్టన్లని సిమెంటు నేల మీద పెట్టకండి, నేలలోని చెమ్మని అట్ట పీల్చేస్తుంది, అలా మెత్తబడిన అట్ట పై వరసల బరువుకి కుంగిపోతుంది. పెట్టెలో పైన ఖాళీ వదిలినా ఇదే గతి, అందుకే నిండుగా సర్దండి. వాన పడుతుంటే లోడింగ్ ఆపేయండి, డ్రైవర్ ఎంత తొందరపెట్టినా సరే.

పెట్టెలో వేసే చిన్న సిలికా జెల్ పొట్లాలు ఆ పెట్టె వరకే పనికొస్తాయి. కంటైనర్ మొత్తానికి గోడల పక్కన వేలాడదీసే కాల్షియం క్లోరైడ్ సంచులు కావాలి. పీల్చిన నీటిని జెల్‌లా గట్టిపరిచే రకమే తీసుకోండి, లేకపోతే ఆ ఉప్పునీళ్ళు కారి బట్టల మీదే పడతాయి. పై వరస కార్టన్ల మీద క్రాఫ్ట్ పేపర్, అంటే మందపాటి గోధుమరంగు కాగితం, పరిస్తే రాలిన బొట్లని అది తాగేస్తుంది. బూజు రాకుండా అంటూ ఎవరైనా డైమిథైల్ ఫ్యూమరేట్ ఉన్న పొట్లాలు ఇస్తే మాత్రం వద్దనండి. అది చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది, యూరోపియన్ యూనియన్ 2009లోనే దాన్ని నిషేధించింది.

ఖాళీ కంటైనర్ రాగానే సరుకు ఎక్కించకండి. బయట ఒకరిని నిలబెట్టి మీరు లోపలికెళ్ళి తలుపులు మూయించుకోండి. చీకట్లో సూదిమొనంత వెలుతురు కనబడినా అక్కడ చిల్లు ఉన్నట్టే. అలాగే వాసన చూడండి. ముందు ట్రిప్పులో తోళ్ళో రసాయనాలో వెళ్ళి ఉంటే ఆ కంపు బట్టకి పట్టేస్తుంది, ఉతికినా ఓ పట్టాన వదలదు. నేల తడిగా ఉన్నా, మేకులు పైకి లేచి ఉన్నా ఇంకో కంటైనర్ అడగండి, అడగడానికి మొహమాటం దేనికి? చెక్క పాలెట్లు వాడితే వాటి మీద ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ ప్రమాణం ముద్ర ఉండాలి, అంటే చెక్క నడిమి భాగం 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉందనో, పురుగులు పోవడానికి ఒప్పుకున్న మరో పద్ధతిలో శుద్ధి చేశారనో అర్థం. బట్టలకైతే పాలెట్లు లేకుండా నేల నుంచి పైదాకా కార్టన్లే పేర్చుకుంటే చోటు కలిసొస్తుంది.

చోటే ఇక్కడ డబ్బు మరి. బట్టలు తేలిక, కానీ బోలెడు జాగా తింటాయి. 20 అడుగుల కంటైనర్‌లో లెక్కకి 33 ఘనమీటర్లు ఉన్నా చేతికొచ్చేది 25 నుంచి 28, 40 అడుగుల హై క్యూబ్‌లో, అంటే ఎత్తు ఎక్కువున్న కంటైనర్‌లో, లెక్కకి 76. సరుకు కొంచెమే ఉంటే ఎల్‌సీఎల్, అంటే వేరేవాళ్ళ సరుకుతో కలిపి పంపడం. అందులో ఒక ఘనమీటరా, వెయ్యి కిలోలా, ఏ లెక్కకి ఎక్కువొస్తే దానికి బిల్లు వేస్తారు, బట్టలకి దాదాపు ఎప్పుడూ ఘనమీటరే. రేటు చూసి మురిసిపోకండి, దిగిన రేవులో గోడౌన్ ఛార్జీలు విడిగా పడతాయి, పక్కన ఏ సరుకు పెడతారో మన చేతిలో ఉండదు. పది ఘనమీటర్లు దాటితే ఎల్‌సీఎల్‌కీ, కంటైనర్ మొత్తం తీసుకోవడానికీ కొటేషన్లు తెప్పించుకుని మొత్తం ఖర్చు పోల్చండి. సూట్లు, కోట్లు నలగకూడదంటే హ్యాంగర్ల మీదే పంపే కంటైనర్లున్నాయి, ఖరీదెక్కువ, కానీ అక్కడ దిగాక మళ్ళీ ఇస్త్రీ చేయించే ఖర్చుతో పోల్చి చూసుకోవాలి.

కాగితాల్లో ఉత్తినే గార్మెంట్స్ అని రాస్తే కస్టమ్స్ దగ్గర ఆగుతుంది. సరుకుల్ని కస్టమ్స్ వాళ్ళు వర్గీకరించే అంతర్జాతీయ కోడ్‌ని హెచ్‌ఎస్ అంటారు. అల్లిన బట్టలు అందులో 61వ అధ్యాయం, నేసిన గుడ్డతో కుట్టినవి 62, దుప్పట్లు, తువ్వాళ్ళు, వాడేసిన బట్టలు 63. టీషర్ట్ 6109లోకి, మగవాళ్ళ నేత చొక్కా 6205లోకి వెళ్తాయి, సుంకం వేరు. అందుకే అల్లికా నేతా, నూలా ఉన్నా పాలిస్టరా, ఏది ఎంత శాతం, ఎవరు వేసుకునేది, ఏ దేశంలో తయారైంది, అన్నీ రాయండి. వాడేసిన బట్టలైతే ఆ దేశం అసలు రానిస్తుందో లేదో ముందే కనుక్కోండి. అమెరికాకైతే ఓడ ఎక్కించడానికి 24 గంటల ముందే దిగుమతిదారు ఐఎస్‌ఎఫ్, అంటే సరుకు వివరాలు ముందుగా కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం, దాఖలు చేయాలి. 2016 జులై నుంచి సరుకుతో నిండిన ప్రతి కంటైనర్‌కీ తూచిన బరువు ఇవ్వందే ఓడ ఎక్కించుకోరు.

సరుకు ఎక్కించుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం, అంటే బిల్ ఆఫ్ లేడింగ్ మీద 1 కంటైనర్ అని వదిలేయకుండా, ఎన్ని కార్టన్లో ఆ అంకె రాయించండి. ఓడ సరుకు రవాణాకి సంబంధించిన అంతర్జాతీయ హేగ్-విస్బీ నియమాల ప్రకారం, సరుకు పాడైతే ఓడ కంపెనీ బాధ్యత ప్యాకేజీకి 666.67 ఎస్‌డీఆర్ (ఐఎంఎఫ్ లెక్క కట్టే ద్రవ్య ప్రమాణం) లేదా కిలోకి 2 ఎస్‌డీఆర్, ఏది ఎక్కువైతే అది. పెట్టెల లెక్క లేకపోతే కంటైనర్ మొత్తం ఒకే ప్యాకేజీ కింద పోతుంది.

ఇన్సూరెన్స్ కక్కుర్తి పడే చోటు కాదు. 2021లో ఎవర్ గివెన్ అనే కంటైనర్ ఓడ సూయజ్ కాలువలో ఇరుక్కున్నాక జనరల్ యావరేజ్ ప్రకటించారు, అంటే మన సరుకుకి ఏమీ కాకపోయినా ఓడని బయటపడేసిన ఖర్చులో సరుకు యజమానులు కూడా వాటా భరించాలి. అయితే ఆల్ రిస్క్ పాలసీ ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. ప్యాకింగ్ సరిగ్గా లేక, లేదా సరుకులోనే ఉన్న చెమ్మ వల్ల బూజు పట్టిందని తేలిస్తే క్లెయిమ్ తిప్పికొడతారు. ఆలస్యం వల్ల సీజన్ పోయిన నష్టం కూడా అందులో రాదు, చలికోట్లు వేసవిలో చేరినా మన ఖర్మే. 2023 చివర్లో ఎర్రసముద్రం గొడవలతో ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలయ్యాక ఈ తిప్పలు చాలామందికి తెలిసొచ్చాయి. షోరూమ్ తేదీకి నాలుగైదు వారాల వెసులుబాటు పెట్టుకోండి.

సరుకు దిగాక తలుపులు తెరుస్తూనే సీలు నంబర్, పైకప్పు, మొదటి వరస ఫోటోలు తీయమని అవతలివాళ్ళకి చెప్పండి. పైకి కనబడని నష్టమైతే సరుకు అందుకున్న మూడు రోజుల్లోపు ఓడ కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి, కోర్టుకి వెళ్ళాల్సి వస్తే ఏడాది గడువు.