పట్టేసిన డోర్ కీలు: తలుపు మీద చెయ్యి వేసే ముందు

పోయిన నెల ఒక పాత కారు చూడటానికి వెళ్లాను. ఇరవై ఏళ్లు షెడ్డులోనే ఉండిపోయిన బండి. ఇంజిన్ తిరుగుతోంది, రంగు కూడా పెద్దగా చెడలేదు. డ్రైవర్ వైపు తలుపు మాత్రం సగం తెరుచుకుని ఆగిపోతోందట. బండాయన, ఆయన స్నేహితుడు కలిసి తలుపు అంచు పట్టుకుని బలమంతా పెట్టి తోశారు. "కిర్రుమని కదిలింది, వదిలేసిందనుకున్నాం" అన్నాడాయన. వదిలింది కీలు కాదు. కీలు బిగించి ఉన్న పిల్లర్ (తలుపు పక్కన బండి బాడీలో నిలువుగా ఉండే స్తంభం) రేకు బోల్టుల చుట్టూ చిరిగి, పై కీలు రేకు ముక్కతో సహా ఊడి వచ్చేసింది. తలుపు బరువంతా కింది కీలు మీద పడి, అదీ వంగి, అంచు వెళ్లి ఆ స్నేహితుడి పాదం మీద పడింది. రెండు వేళ్లు విరిగాయి. లోపల కీలు పిన్ను మాత్రం ఎలా పట్టేసిందో అలాగే ఉంది, ఒక్క వెంట్రుకవాసి కూడా తిరగలేదు.

ఇలాంటివి నేను చూడటం ఇది మొదటిసారి కాదు, అందుకే ఇది రాస్తున్నాను. కళ్లద్దాలు పెట్టుకోండి, గ్లవ్స్ వేసుకోండి లాంటివి మీకు తెలుసు. నేను చెప్పాలనుకున్న ముఖ్యమైన మాట ఒక్కటే. పట్టేసిన కీలును వదిలించడానికి తలుపునే మీటగా వాడొద్దు.

ఎందుకో లెక్క చూడండి. కీలు నుంచి తలుపు చివరి అంచు దాకా దాదాపు ఒక మీటరు ఉంటుంది. పిల్లర్‌కు ఆనుకున్న కీలు రేకు వెడల్పు నాలుగు సెంటీమీటర్లు అనుకుందాం. అంచు దగ్గర ఇరవై కిలోల బలంతో తోస్తే కీలు రేకు దగ్గర అది ఇరవై అయిదు రెట్లు, అంటే అయిదు వందల కిలోలు అవుతుంది. ఇరవై కిలోలంటే ఒక మనిషి ఒళ్లు వంచకుండా తోసే తోపు. ఒక కీలు బాగుండి, రెండోదే పట్టేసి ఉంటే ఆ భారమంతా పట్టేసినదాని మీదే పడుతుంది. ఆ బోల్టులు దిగి ఉన్నది ఒక మిల్లీమీటరు అటూ ఇటూ మందం ఉన్న పిల్లర్ రేకులో. లోపల బలానికి ఇంకో పలక ఉండొచ్చు, కానీ పాత బండిలో ఆ పలక అంచులు కూడా తుప్పు తినే ఉంటాయి. ఇనుము తుప్పు పడితే ఉన్నచోటే రెట్టింపుకు మించి ఉబ్బుతుంది. పిన్నుకూ దాని చుట్టూ ఉన్న గొట్టానికీ మధ్య మొదట ఉన్న సందు కాగితమంత కూడా కాదు. ఆ సందులో ఉబ్బిన తుప్పు గట్టిపడి కూర్చున్నాక, పిన్ను కంటే ముందు పిల్లరే లొంగుతుంది.

"కదులుతోంది" అనిపించడమే ఇక్కడ పెద్ద మోసం. తలుపు నిజంగానే కదులుతుంది. ఏది వంగి కదిలిందో చెయ్యికి తెలియదు. అందుకని ముందు ఒక చిన్న పని చేయండి. పిన్ను తల మీద నుంచి కీలు గొట్టం మీదికి సన్నటి మార్కర్‌తో ఒక గీత గీయండి. తలుపు వైపు గొట్టం, పిల్లర్ వైపు గొట్టం కలిసే చోట అడ్డంగా ఇంకో గీత. ఇంకొకరిని తలుపు కొద్దిగా ఆడించమని చెప్పి, మీరు ఒక వేలు కీలు రేకు, పిల్లర్ కలిసే అంచు మీద పెట్టి ఉంచండి. గొట్టాల మీది గీత విడిపోతే కీలు తిరుగుతున్నట్టు. గీత అలాగే ఉండి, వేలి కింద రేకు ఊపిరి పీల్చినట్టు లేచి పడుతుంటే పిల్లర్ చిరగడానికి సిద్ధంగా ఉంది. అక్కడే పెయింటులో వెంట్రుకంత పగులు కనిపిస్తుంది, అందులోంచి ఎర్రటి పొడి రాలుతుంది. అది చూశాక ఇక ఆ తలుపు ఆడించొద్దు.

రెండు వేళ్ల బలానికి కదిలినంత మేరే తలుపును కదిలించాలి. రెండు వేళ్లకు కదలకపోతే కీలు ఇంకా సిద్ధం కాలేదని అర్థం. చేతులు రెండూ, భుజం, పక్కవాడి సాయం, ఇవేవీ దానికి మందు కావు.

మొదలుపెట్టే ముందు

కీలు ఎలా కట్టారో చూడండి. పిన్నులన్నీ ఒకలా ఉండవు. చాలావాటికి ఒక కొస మీద గీతలు చెక్కి ఉంటాయి, ఆ కొస గొట్టాన్ని కరిచిపట్టుకుంటుంది. దాన్ని రెండో కొస నుంచి కొట్టి బయటికి పంపాలి. తప్పు వైపు నుంచి కొడితే ఇంకా బిగుసుకుంటుంది, పోత ఇనుము కీలైతే గొట్టమే పగులుతుంది. కొన్నిటికి రెండు కొసలూ కొట్టి పరిచి ఉంటాయి, ఒక తల సాన పట్టి తీసేస్తేగానీ రాదు. కొన్నిటికి అడ్డంగా చిన్న స్క్రూ ఉంటుంది, ఏళ్ల పెయింటు కింద అది కనపడదు. పెయింటును తడిపి గీకి చూడండి.

తలుపు కింద జాకీ, జాకీ మీద చెక్క, చెక్క మీద మందపాటి గుడ్డ. తలుపు మరీ దూరం తెరుచుకోకుండా ఆపే పట్టీ ఉంటుంది. దాన్ని విప్పితే తలుపు వెనక్కి తిరిగి మడ్‌గార్డ్‌కు కొట్టుకుంటుంది. అందుకే విప్పే ముందే రెండో మనిషి ఉండాలి. అతను తలుపు పట్టుకోవడానికే, తొయ్యడానికి కాదు.

కీలు రేకు చుట్టూ గీత గీసుకోండి. రేకు కింద సన్నటి పలకలు ఉంటే ఏది ఎక్కడిదో రాసి పెట్టుకోండి. పై కీలు, కింది కీలు పిన్నులు రెండూ ఒకే నిలువు గీతలో ఉంటేనే తలుపు తిరుగుతుంది. ఒకదాని స్థానం కాస్త మారినా, కొత్త పిన్నులు వేశాక కూడా తలుపు పట్టేసినట్టే ఉంటుంది. అప్పుడు మళ్లీ ఎవరో ఒకరు తోస్తారు.

నూనె

డబ్ల్యూడీ-40 కొట్టి పది నిమిషాల్లో తలుపు లాగేవాళ్లు ఎక్కువ. అది 1953లో నీటిని తోసేయడానికి చేసిన ద్రవం. ఆ పేరుకు అర్థమే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, నలభయ్యో ప్రయత్నం అని. అది పనికిరాదని కాదు. తుప్పులోకి ఇంకడానికే చేసిన పెనెట్రేటింగ్ ఆయిల్ అయితే ఇంకా మంచిది. ఏది వాడినా పనిచేసేది సమయమే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, నాలుగైదు రోజులు వెయ్యండి. పిన్ను పై కొస చుట్టూ బంకమట్టితో చిన్న గిన్నెలా కట్టి అందులో నూనె పోసి ఉంచితే నెమ్మదిగా లోపలికి దిగుతుంది. మధ్యమధ్యలో పిన్ను తల మీద చిన్న సుత్తితో తేలికపాటి దెబ్బలు. గట్టి దెబ్బ ఒక్కటి కంటే తేలిక దెబ్బలు యాభై మేలు. ఆ అదురుకు తుప్పులో పగుళ్లు వచ్చి నూనెకు దారి దొరుకుతుంది.

ఎసిటోన్, గేర్ ఆయిల్ కలిపి వాడేవాళ్లున్నారు. బాగానే పనిచేస్తుంది. కానీ ఎసిటోన్ పెయింటును తినేస్తుంది, దాని ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. అది వాడితే ఆ రోజు మంట మాట ఎత్తొద్దు.

మంట

వేడి మంచి ఆయుధమే. గొట్టం వేడెక్కి వ్యాకోచిస్తే పిన్ను మీద పట్టు సడలుతుంది. కానీ కీలును బండి మీద ఉంచి మంట పెట్టడం నాకు ఇష్టం లేదు. విప్పి బల్ల మీద వైస్‌లో బిగించి వేడి చేయగలిగితే అదే చేయండి. బండి మీదే చేయక తప్పకపోతే పిల్లర్ లోపల ఏముందో ముందు తెలుసుకోండి. మైనం, తారు షీటు, పాత వైర్లు ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన చాలా బండ్లలో రేకు వెనక చెక్క ఉంటుంది. అది లోపల పొగ కూడా రాకుండా రాజుకుని గంట తర్వాత అంటుకోవచ్చు. పాత బాడీల అతుకుల్లో సీసం నింపి ఉంటారు. సీసం, తగరం కలిపిన ఆ లోహం 183 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. మీరు కీలు వేడి చేస్తుంటే పక్కన పిల్లర్ మూల కారిపోతుంది. అల్యూమినియం రేకైతే ఎర్రబడదు, రంగు మారకుండానే 660 డిగ్రీలకు కరిగి కూలిపోతుంది.

పెట్రోలు ట్యాంకు వెనకే ఉంటుందని అనుకోవద్దు. 1928–31 నాటి ఫోర్డ్ మోడల్ ఎ‌లో ట్యాంకు విండ్‌షీల్డ్ కిందే, ముందు పిల్లర్‌కు దగ్గర్లోనే ఉంటుంది. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో ముందు బానెట్ కింద ఉంటుంది. మీ బండిలో ఎక్కడుందో చూడకుండా గ్యాస్ టార్చ్ వెలిగించొద్దు.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

– క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో కడిగిన కీలు మీద మంట పెట్టొద్దు. వెల్డింగ్ కూడా వద్దు. ఆ ఆవిరి వేడికి ఫాస్జీన్ అవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని చంపిన విషవాయువు అదే. ఆరిందిలే అనుకోవద్దు, సందులో తడి ఉంటుంది.

– నూనె పోసిన చోట మంట పెట్టాలంటే ముందు తుడవాలి. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. పని అయ్యాక గంటసేపు బండిని వదిలి వెళ్లొద్దు.

– అయస్కాంత క్షేత్రంతో లోహాన్ని వేడి చేసే ఇండక్షన్ హీటర్‌కు మంట ఉండదు, నిజమే. నూనె మాత్రం దానికీ పొగలొచ్చి అంటుకుంటుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దాన్ని పట్టుకోవద్దు, దగ్గర నిలబడొద్దు.

– పాత పెయింటులో సీసం ఉంటుందనే అనుకోండి. పొడిగా గీకొద్దు, కాల్చొద్దు. మాస్క్ లేకుండా వైర్ బ్రష్ పెట్టొద్దు.

– బ్యాటరీ వైరు తీసేయండి.

– సుత్తితో సుత్తి మీద కొట్టొద్దు. తల పువ్వులా విచ్చుకున్న పంచ్ (పిన్నును కొట్టి బయటికి పంపే కడ్డీ) వాడొద్దు. దాని అంచు ముక్క ఎగిరి కంట్లో దిగుతుంది. ఇత్తడి కడ్డీ పెట్టి కొట్టండి.

– కొట్టేటప్పుడు కీలు వెనక బరువైన ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. ఆసరా లేకుండా కొట్టిన ప్రతి దెబ్బా పిల్లరే తింటుంది.

– బీటిల్ లాంటివాటిలో కీలు స్క్రూలు పిల్లర్ లోపలి పలకలోకి దిగుతాయి. మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పి తల పాడుచేయొద్దు. ఇంపాక్ట్ డ్రైవర్ (సుత్తి దెబ్బను తిప్పే బలంగా మార్చే పనిముట్టు) పెట్టి సుత్తితో కొట్టండి.

– తలుపు తీసేటప్పుడు కింది కీలు ముందు, పైది చివర. జాకీ కదలకుండా ఉందో లేదో ప్రతి బోల్టుకూ చూడండి. కాళ్లు తలుపు కింద పెట్టొద్దు.

– పైపు తొడిగి పొడుగు చేసిన పానాతో బోల్టు తిప్పొద్దు. బోల్టు తెగితే పిల్లర్ లోపల మిగిలిపోతుంది.

– తలుపుకూ పిల్లర్‌కూ మధ్య గడ్డపార పెట్టొద్దు. కర్ర పెట్టొద్దు. కాలు పెట్టి తన్నొద్దు. ఇవన్నీ తలుపును మీటగా వాడటమే.

– "కొంచెం గట్టిగా తోస్తే చాలు" అని పక్కనున్నవాళ్లు అంటారు. తొయ్యొద్దు. వాళ్లను తలుపు దగ్గరికి రానివ్వొద్దు.

– నూనె, అదురు, వేడి, ఏదీ పనిచేయకపోతే పిన్ను నడుమ సూటిగా డ్రిల్ చేసి బయటికి తీయండి. పిన్ను పోయినా ఫరవాలేదు, దొరుకుతుంది, లేదా చేయించుకోవచ్చు. పిల్లర్ అలా దొరకదు.

– కీలు వదిలాక సంతోషంతో ఒక్కసారిగా తలుపు బార్లా తెరవొద్దు. లోపలి తుప్పు పొడి మళ్లీ ఇరుక్కుంటుంది. పిన్ను బయటికి తీసి, గొట్టం లోపల శుభ్రం చేసి, గ్రీజు పెట్టి వేయండి. పైపైన నూనె కొట్టి వదిలేస్తే తొందర్లోనే మళ్లీ పట్టేస్తుంది.

– ఇదివరకు ఎవరైనా తోసిన తలుపైతే, కీలు బాగా తిరిగినా సరే, లోపలి ట్రిమ్ (రేకును కప్పే అట్ట) విప్పి టార్చిలైటు వేసి బోల్టుల చుట్టూ పగుళ్లున్నాయేమో చూడండి. కీళ్లు వెనకవైపు ఉండి ముందు అంచు తెరుచుకునే తలుపులకు ఇది మరీ ముఖ్యం. అలాంటి తలుపు వేగంలో లాక్ వదిలితే గాలి దాన్ని పూర్తిగా వెనక్కి విరుస్తుంది. పగులు కనిపిస్తే వెల్డింగ్ అయ్యేదాకా ఆ బండి రోడ్డెక్కకూడదు.

– అన్నీ అయ్యాక చివరి పరీక్ష మళ్లీ రెండు వేళ్లతోనే. హ్యాండిల్ దగ్గర రెండు వేళ్లు పెట్టి తెరవండి, మూయండి, ఇరవై సార్లు. ఎక్కడైనా ఆగితే అక్కడే ఆపి, కీలు దగ్గరికి వెళ్లి మార్కర్ గీత చూడండి.