ముందు సన్న టైర్లు వేయిస్తే జేబులో సుద్దముక్క ఉండాలి

డ్రాగ్ కారులా (తిన్నని దారిలో స్పీడు పందేలకు వాడే కారు) కనిపించాలని మా తమ్ముడు తన పాత కాంటెస్సాకు ముందువైపు సన్న టైర్లు వేయించాడు. లుక్ బాగానే ఉంది, కాదనను. కానీ బ్రేక్ తొక్కగానే బండి బరువు ముందుకు ఒరుగుతుంది, ఆపే పనిలో పెద్ద వాటా ముందు టైర్లదే. అందుకే కొనేముందు టైరు పక్కభాగం (సైడ్‌వాల్) మీద సైజు పక్కనుండే లోడ్ నంబరు చూడండి. 75 అంటే ఒక్కో టైరు 387 కిలోలు మోస్తుంది, 82 అయితే 475. కారుతో వచ్చిన టైరు నంబరు కన్నా తగ్గొద్దు. రేసుకు మాత్రమే అని రాసున్నవైతే అసలు ముట్టుకోకండి. స్విఫ్ట్ లాగా ముందు చక్రాలతో నడిచే కార్లకు ఈ ముచ్చటే వద్దు.

గాలి సరిపోయిందో లేదో సుద్దముక్క చెప్పేస్తుంది. ట్రెడ్ (టైరులో రోడ్డుకు ఆనే భాగం) మీద అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మందంగా గీత గీయండి. తిన్నని రోడ్డు మీద నెమ్మదిగా కొంచెం దూరం పోనిచ్చి, దిగి చూడండి. గీత మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువైంది. అంచుల్లోనే చెరిగితే తక్కువైంది. మావాడికి మొదటిసారి వేలెడంత వెడల్పున నడుమ మాత్రమే చెరిగింది, పంక్చర్ షాపులో అంత కొట్టారు మరి!

ఇంకోటి, వాన నీళ్లను సన్న టైరు బాగానే కోస్తుంది. కరీంనగర్ వైపు రోడ్డు మీద ఆరబోసిన మక్కలు కనిపిస్తే మాత్రం ముందే స్పీడు తగ్గించండి, గింజల మీద బ్రేక్ కొట్టకండి.