పెట్రోలు బంకు స్థల అనుమతి: ఫారం నింపే ముందు చూసుకోవలసినవి

బంకు అనుమతి దరఖాస్తులో ఎన్ని ప్రశ్నలున్నా అన్నీ ఒక్కదాని చుట్టూనే తిరుగుతాయి: ఈ స్థలం బంకుకు తగినదేనా? కాబట్టి ఫారం చేతిలోకి తీసుకునే ముందు స్థలం చుట్టూ నడవండి. ఉదయం ఒకసారి, సాయంత్రం రద్దీ వేళ మరొకసారి.

నగర ప్రణాళికలో ఆ భూమి ఏ వినియోగానికి కేటాయించారో మొదట సరిచూసుకోండి. నివాస ప్రాంతమని ఉంటే, భూ వినియోగ మార్పు మంజూరయ్యే దాకా మరే ఖర్చూ పెట్టవద్దు. యాజమాన్య పత్రం లేదా లీజు ఒప్పందం, సర్వే పటం ఎలాగూ జతచేయాలి.

అసలు శ్రమ సైట్ ప్లాన్ మీద పెట్టండి. వాహనాలు వచ్చే దారి, పోయే దారి, పంపులు, భూగర్భ ట్యాంకులు, ట్యాంకర్ నిలిచే చోటు కొలతలతో కనిపించాలి. కూడలికి మరీ దగ్గరైతే ఎర్రదీపం దగ్గర ఆగిన వాహనాలే బంకు దారిని మూసేస్తాయి. లోపల చోటు చాలకపోతే బంకు వరుస రోడ్డెక్కుతుంది. ట్యాంకర్ వెనక్కి నడపనక్కరలేకుండా ముందుకే సాగి బయటపడగలగాలి. ప్రమాద సమయంలో ప్రాణాలు కాపాడేది అదే. ఆ చక్రాల జాడను ప్లాన్‌లో గీసి చూపండి.

పాఠశాలలు, ఆసుపత్రులు ఎంత దూరంలో ఉన్నాయో రాసి వదిలేయకండి, నేల వాలునూ చూపండి. సున్నాకు దిగువన 40 డిగ్రీల సెల్సియస్ చలిలో కూడా పెట్రోలు నుంచి నిప్పంటుకునేంత ఆవిరి లేస్తుంది. అది గాలికంటే బరువైనది కనుక పల్లానికి పాకి, మురుగు కాలువల్లో, సెల్లార్లలో చేరుతుంది. ట్యాంకు కారితే పెట్రోలులో ఉండే బెంజీన్ అనే విష రసాయనం బావి నీటిలో కలుస్తుంది. అందుకే భూగర్భ జలం ఎంత లోతున ఉందో, దగ్గరి బావులు ఎక్కడున్నాయో దాచకుండా రాయాలి. రెండు పొరల ట్యాంకు, లీకును పసిగట్టే పరికరం పెడుతున్నట్లు పేర్కొనండి.

అమ్మకాల అంచనాకు రోడ్డు మీది మొత్తం వాహనాల సంఖ్య చాలదు. మధ్యలో డివైడర్ ఉంటే మీ వైపు వచ్చేవాటినే లెక్కించాలి. పక్కనే మరో బంకు ఉందని మాత్రం భయపడనక్కరలేదు. పోటీదారులు ఒకే చోటికి ఎందుకు చేరతారో ఆర్థికవేత్త హెరాల్డ్ హోటెలింగ్ 1929లోనే వివరించారు. అయితే రెండు బంకుల మధ్య కనీస దూరం ఉండాలనే నియమం ఉన్నచోట అదే చెల్లుతుంది.

దరఖాస్తు తర్వాత తనిఖీ ఉంటుంది. ఆ రోజుకు హద్దురాళ్లు స్పష్టంగా కనిపించాలి. రాతపూర్వక అనుమతి అందేవరకు తవ్వకం మొదలుపెట్టవద్దు.