లారీ పాఠాలు – 6: రాత్రి బండి పెట్టే పద్ధతి

పోయిన పాఠంలో పట్టా కట్టడం, తాడు ముళ్లు చూశాం. పట్టా అంచు వదులుగా ఉంటే రాత్రంతా గాలికి టపటపా కొట్టుకుంటుందని చెప్పి ఆపాను. ఈ పాఠం అక్కడి నుంచే. మీ పట్టా చప్పుడు మీకు వినపడదు, అలవాటైపోయి ఉంటుంది. పక్క బండిలో పడుకున్నవాడికి మాత్రం నిద్ర ఉండదు.

ముందు ఒక మాట గుర్తుపెట్టుకోండి. తెల్లవారుజామున మూడింటికి దాబా ముందు జరిగే హారన్ల గోల, రివర్సు పాటలు, అరుపులు, వీటిలో చాలావరకు ముందు రాత్రి పదింటికి బండి పెట్టినప్పుడే ఖాయమైపోతాయి. అందుకే పెట్టేటప్పుడే బయల్దేరే టైము గురించి ఆలోచించాలి.

దాబాలోకి దిగగానే కనపడిన ఖాళీలో బండి దూర్చేయకండి. హెడ్‌లైట్లు డిప్‌లో (కిందికి) పెట్టుకుని ఒక చుట్టు తిరగండి. ఏ వరస ఎటు కదులుతుందో, ఎవరి ముందు దారి ఉందో చూడండి. తర్వాత వెనక్కి వెళ్లి, మూతి రోడ్డు వైపు ఉండేలా పెట్టండి. రివర్సు చేసే ఆ రెండు నిమిషాల చప్పుడు పదింటికైతే ఎవరూ పట్టించుకోరు, అప్పటికింకా సగం మంది రొట్టెలు తింటూ ఉంటారు. అదే చప్పుడు మూడింటికి చేస్తే వరసంతా లేస్తుంది.

క్లీనర్ ఉంటే అతనికి ముందే చెప్పండి. పగలైతే బాడీ మీద దబదబా కొట్టి ‘రానీ రానీ’, ‘హోల్డాన్’ అని అరవచ్చు. రాత్రి టార్చి చాలు. టార్చి ఊగుతుంటే వెనక్కి రావాలి, కదలకుండా నిలబడితే ఆపాలి. అద్దంలో టార్చి కనపడకపోతే బండి అక్కడే ఆగాలి, ఇందులో బేరం లేదు. పక్క బండికి, మీకు మధ్య డోరు పూర్తిగా తెరుచుకుని మనిషి దిగేంత జాగా వదలండి. డోరు విసిరి కొట్టకండి, పట్టుకుని లోపలికి నొక్కండి. ఖాళీ బండైతే వెనక డోరు గొలుసులు వేలాడకుండా కొక్కేలకు తగిలించండి.

ఇంజను ఆపాక వెంటనే పడుకోకండి. బ్రేకుల ట్యాంకుల్లో గాలి ఎంతుందో చూపే ఎయిర్ గేజీ ముల్లు ఎక్కడుందో చూసి, ఐదు నిమిషాలు కిటికీ దించి వినండి. సన్నగా ‘సుయ్’ మని వినపడుతుంటే ఎక్కడో గాలి లీకవుతోంది. ఆ లీకుతోనే పడుకుంటే తెల్లవారేసరికి ట్యాంకులు ఖాళీ. అప్పుడు బజరు మోగుతుంది, గాలి నిండేదాకా హ్యాండ్ బ్రేక్ వదలదు, మీరు యాక్సిలరేటర్ తొక్కుతూ కూర్చోవాలి. చుట్టూ పడుకున్నవాళ్లంతా మిమ్మల్ని తిట్టుకుంటారు. పైపు యూనియన్ (అతుకు) దగ్గర సబ్బు నీళ్లు వేసి చూస్తే బుడగలు చెబుతాయి. ఇది మర్యాదకీ పనికొస్తుంది, బ్రేకులకీ పనికొస్తుంది.

నేను ఇది నేర్చుకున్నది తుని దాటాక ఒక దాబాలో. ఆలస్యంగా చేరాను, చోటు లేదు. ‘ఐదింటికల్లా వెళ్లిపోతాం కదా’ అనుకుని ఒక రొయ్యల బండికి అడ్డంగా పెట్టి పడుకున్నాను. భీమవరం నుంచి విశాఖ పోర్టుకు వెళ్తున్న సరుకు అది. ఆ డ్రైవరు రెండింటికి లేచి నా డోరు తట్టాడు. నాకు మెలకువ రాలేదు. మళ్లీ తట్టాడు. చివరికి హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. నేను కళ్లు నులుముకుంటూ దిగేసరికి పదిహేను బండ్ల వాళ్లు లుంగీలతో నిలబడి ఉన్నారు. అంతా చూస్తున్నది అతన్ని కాదు, నన్ను.

ఆ రొయ్యల బండి సంగతే ఇంకొంచెం చెప్పుకోవాలి. అలా సరుకును చల్లగా ఉంచి మోసే రీఫర్ బండిలో కూలింగు యూనిట్‌కు సొంత డీజిల్ ఇంజను ఉంటుంది. గడ్డకట్టిన రొయ్య మైనస్ 18 డిగ్రీల్లోనే ఉండాలి, కాబట్టి ‘కాసేపు ఆపు’ అని అతనితో గొడవ పడి లాభం లేదు. యూనిట్ ఉండేది బాక్సు ముందు గోడ మీద, అంటే క్యాబిన్‌కు వెనక. మీరిద్దరూ మూతి ముందుకే పెట్టుకుంటే అది సరిగ్గా మీ చెవి పక్కన మోగుతుంది. కుదిరితే రెండు బండ్ల దూరం జరగండి. కుదరకపోతే ఆ ఒక్క రాత్రికి నేను చెప్పిన రూలు తప్పండి. మూతి లోపలికి పెట్టండి, మీ క్యాబిన్ అతని వెనక డోర్ల పక్కకు వస్తుంది. రీఫర్ నడిపేవాళ్లయితే మీరే చివరి వరస వెతుక్కోవడం పద్ధతి.

ఏసీ కోసం ఇంజను ఆన్‌లో పెట్టి పడుకోవడం గురించి. 2025 అక్టోబరు 1 నుంచి తయారైన పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మంచిదే, మే నెలలో ఒంగోలు దగ్గర పగలంతా నడిపినవాడికి ఆ సుఖం తెలుస్తుంది. కానీ మీ సైలెన్సర్ పొగ కిటికీ తెరుచుకుని పడుకున్న పక్కవాడి క్యాబిన్‌లోకి పోతుంది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పడుకునేముందు పావుగంట ఏసీ వేసి క్యాబిన్ చల్లబరిచి, తర్వాత ఇంజను ఆపి దోమతెర, బ్యాటరీ ఫ్యానుతో సర్దుకోండి. బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బండ్లకు ఇంకో సంగతి ఉంది. సైలెన్సర్ దారిలోని పొగ ఫిల్టర్‌లో మసి నిండి డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగితే, బండి నిలబెట్టి ఆ మసి కాల్చాలి. అందుకు ఇంజను పెద్ద చప్పుడుతో చాలాసేపు తిరుగుతుంది, సైలెన్సర్ మండిపోతుంది. ఆ పని దాబాకు చేరకముందే చేసుకోండి. ఎండు గడ్డి మీద మాత్రం ఎప్పుడూ వద్దు.

హైవే అంచున పడుకోవడానికి పద్ధతి చెప్పమంటే నా దగ్గర లేదు. పడుకోకండి, అంతే. బండి చెడిపోయి ఆగితే ట్రయాంగిల్ పెట్టండి. రాళ్లు, చెట్టుకొమ్మలు పెట్టి వెళ్లేటప్పుడు అక్కడే వదిలేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వెనక బైకు మీద వచ్చేవాడు ఆ రాయి మీదికే ఎక్కుతాడు.

వేరే డ్రైవరును లేపాల్సి వస్తే ఫుట్‌బోర్డు ఎక్కి కిటికీలోకి తొంగిచూడకండి. డీజిల్ దొంగ అనుకుని చేతికి ఏది దొరికితే అది తీస్తాడు. అతని అద్దంలో కనపడేలా కింద నిలబడి, డోరు మెల్లగా తట్టి ‘అన్నా, బండి తీయాలి’ అనండి. అసలు ఆ అవసరమే రాకుండా నేను చేసేదొకటుంది. అట్టముక్క మీద బయల్దేరే టైము పెద్ద అంకెల్లో రాసి బండి ముందు అద్దానికి ఆనిస్తాను. వెనక వచ్చినవాడు చూసి, నాకు అడ్డం పెట్టాలో వద్దో తనే తేల్చుకుంటాడు.

ఈ వారం అభ్యాసం. మూడు రాత్రులు పడుకునేముందు, లేచాక ఎయిర్ గేజీ అంకె రాసుకోండి. బయల్దేరినప్పుడు తాళం తిప్పిన దగ్గర్నుంచి రోడ్డెక్కేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎన్నిసార్లు రివర్సు పడిందో కూడా రాయండి. మూడో రాత్రికి రివర్సు గడిలో సున్నా రావాలి. రాకపోతే నాలుగో రాత్రి కూడా చేయండి. ఏడో పాఠంలో ఘాట్ దిగడం, ఏ గేరులో దిగాలో చూద్దాం. ఈ గేజీ అంకెలు అక్కడా కావాలి, పారేయకండి.