లేడీ డే అంటే ఏమిటి మేడం? ఇంగ్లీషు కథల్లో ఆచారాలు చదివే పద్ధతి

సాయంత్రాలు మా అరుగు మీదికి చదువుకోడానికి వచ్చే డిగ్రీ పిల్లలు ఇంగ్లీషు నవల తెరవగానే ఒకే మాట అంటారు: "మాటలు అర్థమవుతున్నాయి మేడం, కథే అందట్లేదు." నిజమే. మాటలకు డిక్షనరీ ఉంది. కానీ ఆ కథలు నడిచేది వాళ్ల పండగల మీద, అద్దె గడువుల మీద, పెళ్లి పద్ధతుల మీద. చదివేవాళ్లకు అవన్నీ తెలిసే ఉంటాయని రచయిత విడమరిచి చెప్పడు. మన కథలో "సంక్రాంతికి అల్లుడు రాలేదు" అని ఒక్క ముక్క రాస్తే చాలు, ఆ ఇంట్లో ఏదో జరిగిందని మనకి తెలిసిపోతుంది. అక్కడా అంతే.

ముప్పై ఏళ్లు కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో థామస్ హార్డీ రాసిన టెస్ అనే నవల చెబుతూ, లేడీ డే అంటే ఆడవాళ్ల కోసం పెట్టిన రోజని రెండేళ్లపాటు చెప్పాను. ఆ లేడీ మేరీ మాత. కొడుకు పుట్టబోతున్నాడని దేవదూత ఆమెకు చెప్పిన రోజు, మార్చి 25. ఆ రెండు బ్యాచీల పిల్లలకు తప్పు చెప్పానన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు. ఇది రాయడానికి కారణం కూడా అదే.

నోటుబుక్కు తీసి మొదటి పేజీలో నాలుగు తేదీలు రాసుకోండి. మార్చి 25 లేడీ డే, జూన్ 24 మిడ్‌సమ్మర్, సెప్టెంబరు 29 మైకేల్‌మస్, డిసెంబరు 25 క్రిస్మస్. పేరుకి పండగలే గానీ అద్దెలు కట్టేది, ఇళ్లు చేతులు మారేది ఈ రోజుల్లోనే. జేన్ ఆస్టెన్ 1813 నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ మొదటి పేజీల్లోనే, బింగ్లీ అనే డబ్బున్న బ్రహ్మచారి మైకేల్‌మస్ లోపు ఇంట్లో దిగుతాడన్న మాట వస్తుంది. పెళ్లికెదిగిన అయిదుగురు కూతుళ్ల తల్లి ఆ మాట చెబుతోందంటే, చేతిలో ఎన్నాళ్ల వ్యవధి ఉందో లెక్క వేసుకుంటోందన్నమాట.

ఇక్కడ ఒక చిక్కుంది. 1752లో ఇంగ్లండు క్యాలెండరు మార్చుకుంది. ఆ ఏడు సెప్టెంబరు 2 బుధవారం గడిచి తెల్లారితే 14 గురువారం. పల్లెల్లో చాలామంది పాత లెక్క వదల్లేదు. అప్పుడు పోయినవి 11 రోజులు. 1800 పాత లెక్కలో లీపు సంవత్సరం, కొత్తదాంట్లో కాదు, కాబట్టి 19వ శతాబ్దంలో రెండు లెక్కలకూ తేడా 12 రోజులు. మార్చి 25కి 12 కలపండి, ఏప్రిల్ 6 వస్తుంది. అదే పాత లేడీ డే. బ్రిటన్‌లో పన్నుల సంవత్సరం ఈ రోజుకీ ఏప్రిల్ 6నే మొదలవుతుంది. ఇంకో సంగతి, 1751 దాకా ఇంగ్లండులో చట్టం ప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25నే వచ్చేది. ఇంచుమించు మన ఉగాది రోజులు. ఇది చెప్పాక నా దగ్గర ఏ పిల్లా ఆ తేదీ మర్చిపోలేదు.

తేదీ దొరికాక మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ రోజు ఎవరు ఎవరికి ఇచ్చుకోవాలి? ఎవరు ఇల్లు కదలాలి? గడువు దాటితే ఏమవుతుంది? టెస్ నవల చివరి భాగం ఈ మూడింటితో చదివి చూడండి. టెస్ తండ్రి చచ్చిపోతాడు. వాళ్ల ఇంటి కౌలు ముగ్గురి ప్రాణాల మీద రాసింది, అంటే కాగితంలో పేర్లున్న ముగ్గురూ బతికున్నన్నాళ్లే ఇల్లు. ఆయనది ఆఖరి ప్రాణం. ఇక పాత లేడీ డే నాడు తల్లీ పిల్లలూ ఖాళీ చెయ్యాలి. ఫిబ్రవరి 2న కుదుర్చుకున్న పాలేరు ఒప్పందాలన్నీ అమల్లోకి వచ్చేదీ అదే రోజు కాబట్టి రోడ్డు నిండా సామాన్ల బండ్లే. బండికి ముందువైపు గిన్నెల బీరువా నిలబెట్టి ఉంటుంది, దాని మీద ఇంటివాళ్ల వేలిముద్రలు. హార్డీ ఆ వేలిముద్రలు కూడా వదల్లేదు. తీరా కొత్త ఊరు చేరితే ఉత్తరం ఆలస్యంగా అందిందని, గదులు వేరేవాళ్లకి ఇచ్చేశారు. చర్చి గోడ వారన పందిరిమంచం వేసి పిల్లల్ని పడుకోబెడతారు. ఆ చర్చిలోనే వాళ్ల పూర్వీకుల సమాధులు!

ఈ భాగం చదువుతుండగా ఒకమ్మాయి అంది: "86 వరదల్లో మా అమ్మమ్మావాళ్లు కూడా ఏటిగట్టు మీద ఇలాగే మంచం వేసుకున్నారట మేడం. బీరువా తడిసిపోయిందని అమ్మమ్మ ఇప్పటికీ చెబుతుంది." ఆ పిల్లకి కథ అందింది. ఇలాంటి పోలిక మీకు తోస్తే వెంటనే రాసుకోండి. అయితే దాని కిందే, ఎక్కడ పొసగదో కూడా రాయండి. గోదారి పొంగితే గట్టు మీదికి ఊరంతా చేరుతుంది, అన్నం పొట్లాలు వస్తాయి. టెస్ వాళ్లని పంపింది నది కాదు, ఒక కాగితం. పైగా వాళ్ల నడవడి మంచిది కాదని, పోతేనే నయమని ఊరివాళ్లే అనుకున్నారు. నవల్లో దుఃఖం ఆ తేడాలో ఉంది.

పోలిక సగంలో ఆపేస్తే మోసం చేస్తుంది. క్రిస్మస్ అంటే వాళ్ల సంక్రాంతి అని పరీక్షల్లో రాస్తుంటారు. మనకి సార్వా కోతలై ధాన్యం ఇంటికొచ్చాక పండగ. వాళ్ల కోతలు వేసవి చివరికే అయిపోతాయి, కోతలైనవాళ్లకి రైతు పెట్టే విందు వేరే ఉంది. క్రిస్మస్ వచ్చేది పొలాలు గడ్డకట్టే చలిలో. నవంబరు 5 మంటలూ అంతే, భోగిమంటలనకండి. 1605లో పార్లమెంటును పేల్చబోయి దొరికిపోయిన గై ఫాక్స్ బొమ్మను తగలబెడతారు. మన నరకాసురుడి బొమ్మ కాస్త దగ్గర.

పెళ్లి వస్తే, చర్చిలో మూడు ఆదివారాలు ప్రకటన చదివారా, లైసెన్సు తెచ్చుకున్నారా చూడండి. ప్రకటన చదివితే అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పచ్చు. టెస్‌ని చేసుకోబోయే ఏంజెల్ లైసెన్సు తెస్తున్నానంటే టెస్ మనసు ఎందుకు తేలికపడిందో అప్పుడు తెలుస్తుంది.

బొమ్మలు చూడ్డానికీ ఇవే ప్రశ్నలు. పండగ బదులు పని గురించి అడగండి. నాకు బాగా ఇష్టమైనవి ఇంగ్లీషు చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ గీసిన స్టూర్ నది బొమ్మలు. ఆయన తండ్రికి ఫ్లాట్‌ఫర్డ్‌లో మిల్లుంది, సరుకు పడవలున్నాయి. 1819 నాటి తెల్లగుర్రం బొమ్మలో గుర్రం పడవెక్కి ఎందుకుంది? పడవని లాగే దారి అక్కడితో ఆగి అవతలి గట్టుకి మారుతుంది, అందుకని గుర్రాన్ని దాటిస్తున్నారు. 1825 బొమ్మలో గుర్రం ఎందుకు దూకుతోంది? పశువులు పోకుండా దారికడ్డంగా కట్టిన కంచె దాటాలి, దానికి తర్ఫీదు ఇచ్చేవారు. మన కాలవల మీద పడవలకి తాడు కట్టి మనుషులే లాగేవారు, అక్కడ గుర్రాలు.

మా నాన్న కాలవ లాకు దగ్గర లస్కరు, అంటే పడవలు దాటడానికి తలుపులు తీసి మూసి నీటిమట్టం మార్చే పనివాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యింది, ఆ నీళ్లు పారే కాలవల్లో ఒకదాని పక్కనే నేను పుట్టి పెరిగాను. కాన్‌స్టబుల్ 1824లో గీసిన లాకు బొమ్మ ఒకసారి పుస్తకంలో నాన్నకి చూపించాను. ఇంగ్లీషు రాదు, ఆ ఊరు ఎక్కడుందో తెలీదు. ఆకాశాన్నీ చెట్లనీ వదిలేసి, తలుపు దగ్గర బలమంతా పెట్టి వంగిన మనిషిని వేలితో చూపించాడు. "నీళ్లు కిందికి వదుల్తున్నాడమ్మా. లోపల పడవ ఆగుంది చూడు, మట్టం దిగేదాకా కదల్దు" అన్నాడు. తర్వాత నేను చదివిన వివరణల్లోనూ అదే ఉంది.