పరీక్షకు వెళ్లేముందు పాపకు ఉగ్గుగిన్నె అలవాటు చేశాం

బీఎడ్ పరీక్షల నాటికి మా పాపకు ఐదో నెల. నా పాలు తప్ప ఇంకేమీ ఎరగదు. సీసా నోట్లో పెడితే నాలుకతో తోసేసేది. నేను పట్టుకుంటే ఏడుపు ఇంకా ఎక్కువ. అమ్మ వాసన తగులుతుంటే పసిబిడ్డ సీసా ఎందుకు తాగుతుంది!

దారి చూపింది మా అమ్మే. సీసా పక్కన పెట్టి ఉగ్గుగిన్నె తీసింది. పాపను ఒళ్లో కాస్త నిటారుగా కూర్చోబెట్టుకుని, గిన్నె మూతి కింది పెదవికి ఆనించి ఉంచేది. పాలు నోట్లో పోసెయ్యకూడదు, పొలమారుతుంది. బిడ్డే చప్పరించుకోవాలి. ఆ సమయంలో నేను ఆ గదిలోకే వెళ్లేదాన్ని కాదు. బాగా ఆకలేసి ఏడ్చేదాకా ఆగకుండా, గుప్పిట నోట్లో పెట్టుకోగానే పట్టేది. పరీక్షలకు చాలా ముందే మొదలుపెట్టడంతో నెమ్మదిగా అలవాటైంది.

తెల్లవారుజామున నాకు పాలు ఎక్కువగా ఉండేవి. అప్పుడే ఆ పాలు పిండి, మరిగే నీళ్లలో కడిగిన గిన్నెలో మూతపెట్టి, ఫ్రిజ్‌ లోపలి అరలో ఉంచేదాన్ని. 25 డిగ్రీల లోపు బయట 4 గంటలు ఉంటాయంటారు, మన ఎండల్లో ఆ లెక్క నమ్మొద్దు. పైన మీగడ తేలితే విరిగినట్టు కాదు, మెల్లగా తిప్పితే కలుస్తుంది. పొయ్యి మీద, మైక్రోవేవ్‌లో కాచొద్దు. గోరువెచ్చని నీళ్లలో గిన్నె ఉంచితే చాలు. తాగగా మిగిలినవి మనసొప్పకపోయినా పారబోయాల్సిందే.

బయల్దేరేముందు కడుపునిండా పాలిచ్చి వెళ్లాను. రొమ్ములు గట్టిపడి నొప్పిగా ఉంటే కొంచెం పిండేస్తే టెన్షన్ లేకుండా పరీక్ష రాయొచ్చు.