విల్లీస్ జీపులో మొండికేసిన నట్లు విప్పేటప్పుడు

రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ జీపులను బాగుచేసేవాళ్లు ముందు మర (థ్రెడ్) ఎటు తిరిగిందో చూసుకోవాలి. వీటిలో ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే దిక్కునే తిప్పితే వదులవుతాయి. ఇది తెలియక పొడవాటి పైపు తగిలించి బలం పెడితే స్టడ్ (నట్టు ఎక్కే మర కడ్డీ) పుటుక్కున విరుగుతుంది.

దిక్కు సరైనదే అయినా కదలకపోతే తుప్పుని వైర్ బ్రష్‌తో గీకి, పెనిట్రేటింగ్ ఆయిల్ (సందుల్లోకి ఇంకి తుప్పుని వదులుచేసే నూనె) పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున నట్టు తలమీద సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేసి, ముందు కొంచెం బిగించి, తర్వాత విప్పండి. ఆరు పలకల సాకెట్ అయితే అంచులు అరగవు. చివరి మార్గం వేడి. ముందు నూనె తుడిచేసి, నట్టుని మాత్రమే కాల్చాలి, పెట్రోల్ ట్యాంకు దరిదాపుల్లో మంట ఉండకూడదు.

రెండు ముక్కలను బోల్టులతో కలిపి బిగించిన కంబాట్ రిమ్ (టైరు కూర్చునే చక్రం) అయితే వాల్వ్ కోర్ (గాలి ఎక్కించే గొట్టంలోని చిన్న పిన్ను) తీసి గాలి పూర్తిగా వదిలాకే దాని బోల్టులు ముట్టుకోండి, లేదంటే ప్రాణానికే ప్రమాదం. ఫోర్డ్ బోల్టుల తలమీద 'ఎఫ్' గుర్తు ఉంటే కోసేయకండి, అవి అసలువి.